దువ్వూరులో తూముగుర్తు

కడపనుండి కర్నూలునకుఁ బోవు పెద్దదారిలో చెన్నూరు, ఖాజీపేట, మైదుకూరు దాఁటిన పిమ్మట దువ్వూరు వచ్చును. కడపజిల్లా చూడవచ్చువారు ఒంటిమిట్ట కోదండరాముని సేవింతురు. గండికోటలోయను జూచి యబ్బురపడుదురు. పుష్పగిరిలోఁ బెన్నాస్నానము చేయుదురు. దువ్వూరిలో దిగువారు మాత్రము తఱచుగా నచ్చట బంధువులున్నవారో, పసుపు కొనువారో యైయుందురు. మాలో నొకరికి ఆ యూర మేనత్తవరుస యైన పెద్దావిడ యుండుటచే, సంక్రాంతి వెళ్లిన పిమ్మట మేము నలుగురమును అచ్చటికిఁ బోయి మూఁడుదినములు నిలిచితిమి. చూడఁదగిన దేమున్నదని బయలుదేఱునప్పుడు మమ్మడిగినవారు కలరు. వారికి బదులుగనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఊరికిఁ దూర్పుగా నల్లమలకొండలు నీలముగాఁ గానవచ్చును. పడమటిదెస కుందూ యేఱు పెన్నను గలియఁ బోవుచుండును. ఈ సీమకుఁ బ్రాణము కర్నూలు కడప కాలువ. తుంగభద్రపై సుంకేసులవద్దఁ బుట్టిన యీ కాలువను మొదట నొక యాంగ్లకంపెనీవారు త్రవ్వించిరి. పడవలు నడపి లాభము గడింపవలెనని వారి తలఁపు. లాభము రాలేదు. 1882లో దానిని ప్రభుత్వమే కొనెను. పడవలు పోయినవి గాని నీరు మిగిలినది. ఆ నీటివలననే యిచ్చట వరియు, పసుపును బండుచున్నవి. మేము పోయిన దినములలోఁ బసుపు త్రవ్వకము సాగుచుండెను. ఆఁడువారు దుంపలను జిట్లించి కొమ్ములను వేఱుచేయుచుండిరి. పెద్ద కొప్పెరలలో నవి యుడుకుచుండెను. కళ్లములనిండఁ బచ్చగా నారఁబోసిన కొమ్ములు. ఊరంతయుఁ బేరంటమునకుఁ బిలిచినట్లు పసుపువాసన.

మేము దిగిన యింటి పెద్దావిడను ఊరివారందఱు 'జేజి' యనియే పిలుతురు. ఈ సీమలో నాయనను గన్నతల్లి జేజి. ఆమెకు ఎనుబదియేండ్లు దాఁటినవి. చూపు తగ్గినది గాని జ్ఞాపకము తగ్గలేదు. ఆమె మనుమరాలు యంత్రవిద్య చదివి జపానుదేశమున నుద్యోగము చేయుచు, సెలవుపై నింటికి వచ్చియుండెను. ఆ పిల్ల యొడిలో నొక కంప్యూటరు; దాని ప్రక్కనే పీఁటపై నొక పాత చిట్టాపుస్తకము. పుస్తకము జేజి మామగారిది. అంచులు విఱిగి పొడియగుచున్న యా కాగితములలో, ఏ చేను ఏ యేఁట నెంత పండెను, పనివాండ్రకెంత కొలిచిరి, ముఖ్యముగాఁ బసుపుకుంకుమలక్రింద ఏ కూఁతురికే మడి యిచ్చిరి, దానిపై నేఁటేఁట నెంత ధాన్యము పంపిరి యను లెక్కలున్నవి. దానిని జదువఁగలవారు ఆ యింట జేజి యొక్కతెయే. ఆమె చదువుచుండఁగా మనుమరాలు యంత్రములో నెక్కించి, ఆ యింటఁ బుట్టిన యాఁడుబిడ్డల కందఱకు నొక్కొక్క ప్రతి యీయవలెనని వారి సంకల్పము.

ఆ కంప్యూటరు జపానులోఁ గొన్నది. అట్టిది మేమెన్నఁడును జూచియుండలేదు. మన యంత్రములపైఁ గానవచ్చు నాంగ్లాక్షరముల ప్రక్కనే ప్రతిమీటపై నొక జపాను అక్షరము ముద్రింపఁబడియున్నది. మాటలనడుమ ఎడము విడుచు పొడవుమీట, మన యంత్రములలో బారెఁడుండునది, ఇందుఁ బొట్టిదైపోయినది. దాని కిరుప్రక్కల వింతమీటలు చేరినవి. ఎడమవైపు పైమూల మీట యొత్తినచో వ్రాత ఆంగ్లమునుండి జపానునకు మాఱును. తిరుగుగీఁత యుండవలసిన చోట వారి నాణెమైన యెన్ గుర్తున్నది.

“ఇన్నివేల లిపిచిత్రములు గల భాషను ఈ గుప్పెఁడు మీటలతో నెట్లు వ్రాయుదురమ్మా?” యని మేమడిగితిమి. ఆ పిల్ల నవ్వి, “పేరు పెట్టి పిలుతుమత్తా” యనెను.

ఆ మాటకర్థము ఆమె చేసి చూపెను. జపానువారికి నిత్యవ్యవహారమున వాడఁదగినవని ప్రభుత్వము నిర్ణయించిన లిపిచిత్రములే 2136. వాని కన్నిటికి మీటలుంచినచో పలక యొక గది యంత యగును. కాఁబట్టి వారు మొదట మాట యొక్క ధ్వనిని గొట్టుదురు. పిమ్మట మాఱుపుమీటను నొక్కుదురు. ఆ ధ్వనిగల లిపిచిత్రములన్నియు వరుసగా నిలుచును. కావలసిన దానిని దీసికొందురు. ఆమె ‘కమి’ యని కొట్టినది. కాగితమను నర్థముగల చిత్రమొకటి, దేవుఁడను నర్థముగలది యొకటి, తలవెండ్రుకలను నర్థముగలది మఱియొకటి వచ్చి నిలిచినవి. మూఁడింటికిని ధ్వని యొక్కటే. ఇట్లు మాఱుపు చేయు మొదటి యంత్రమును తోషిబా కంపెనీవారు 1978లో వెలువరించిరి. అది యొక వ్రాఁతబల్ల యంత యుండెను. దాని వెల 63 లక్షల యెన్నులు. నేఁడా పని చేతిఫోనులో నడుచుచున్నది.

అక్షరములే కాదు, గుర్తులు నంతే. ‘హొషి’ యనఁగా నక్షత్రము. ఆ మాట కొట్టినచో నక్షత్రపు గుర్తు వచ్చును. ‘యూబిన్’ అనఁగాఁ దపాలా. ఆ మాటకుఁ దపాలా గుర్తు వచ్చును. మాకన్నిటికంటె నచ్చినది మఱియొకటి. గ్రంథములలో ‘ఇచ్చట గమనింపుఁడు’ అని తెలుపుటకు వారు వాడు గుర్తొకటి కలదు: ఇంటూ గుర్తు, దాని నాలుగు సందులలో నాలుగు చుక్కలు. అది చూపునకు బియ్యమను నర్థముగల లిపిచిత్రమువలె నుండుటచే దానికి ‘బియ్యపు గుర్తు’ అని పేరు. ‘కొమె’, అనఁగా బియ్యము, అని కొట్టినఁ జాలును, ఆ గుర్తు వచ్చి వ్రాలును. ఆ దేశపు టిల్లాలికి గుర్తుయొక్క రూపము మఱపు వచ్చినను, ఏ మీట యని వెదకనక్కఱలేదు. పేరు తెలిసినఁ జాలును.

ఇఁక మన చిట్టాపుస్తకము మాట. మొదటిచిక్కు ఱకారముతో వచ్చెను. ‘చెఱువుక్రింది మడి’, ‘ఎఱ్ఱచేను’ అని పుస్తకమున బండిఱతో వ్రాసియున్నది. ఇప్పుడు బడిపిల్లలకు రెండు రకారములకు భేదము చెప్పువారరుదు. చెరువన్నను చెఱువన్నను నీరొక్కటే యని మీరనవచ్చును. కాని యీ పుస్తకముననే యొక పుటలో ‘ఏరు’ అనియు, మఱియొక పుటలో ‘ఏఱు’ అనియు నున్నది. మొదటిది నాఁగలి, ఏరువాక యను పండుగ పేరు దానినుండి వచ్చినదే. రెండవది నీరు పాఱునది. ఏరుపై వచ్చిన ఖర్చు వేఱు, ఏఱుపై వచ్చిన నష్టము వేఱు. అట్లే ‘ఏడు’ అనఁగా సంఖ్య. అరసున్నతో ‘ఏఁడు’ అనఁగా సంవత్సరము. లెక్కపుస్తకమున నీ రెండును ప్రక్కప్రక్కనే వచ్చినచో అరసున్న యెంత యక్కఱయో వేఱుగాఁ జెప్పనేల?

ఆ పిల్ల యాంగ్లాక్షరములతోఁ దెలుఁగు వ్రాయు పద్ధతి నెఱుఁగును. 2006లో వెలసిన లేఖిని యను పరికరమువలన నీ పద్ధతి మనవారిలోఁ బెక్కుమంది కలవాటైనది. అందులో అలవంటి గుర్తును, వెంటనే చిన్న ఆర్ అక్షరమును గొట్టినచో ఱ వచ్చును. ఎట్ గుర్తును, పెద్ద ఎమ్ అక్షరమును గొట్టినచో అరసున్న వచ్చును. అయితే మన యూళ్లలోని యంత్రములందు అలగుర్తు ఎడమవైపు పైమూలనుండును. అలవాటుకొలఁది ఆ పిల్ల చేయి యచ్చటికిఁ బోఁగా, ఆ మూలమీట జపానుపలకలో భాషను మార్చునది గనుక, తెరపై నొక్కసారిగా జపాను అక్షరములు తోఁచెను. జేజి దగ్గఱకు వంగి చూచి, “ఇదేమి వ్రాఁత, అమ్మీ? చీమలు ప్రాకినట్లున్నది” యనెను. అందఱము నవ్వితిమి. జపానుపలకలో అలగుర్తు పైవరుసలో సున్న యంకెకుఁ గుడిప్రక్కన రెండవమీటపై నుండును. ఎట్ గుర్తు మాత్రము పీ అక్షరమునకుఁ గుడిప్రక్కనే యున్నది. దానికిఁ బైమీటను గూడఁ బట్టుకొననక్కఱలేదు. అరసున్న వ్రాయుటకు మన పలకకంటె జపానుపలకయే సులభమైనదని మే మాశ్చర్యపడితిమి.

మఱియొక మెలఁకువ కూడ నా పిల్ల చెప్పెను. మీటపై ముద్రించిన గుర్తు కంప్యూటరునకుఁ దెలియదు. అది యెఱిఁగినది మీటయొక్క స్థానమే. యంత్రమునకు ‘ఇది యమెరికాపలక’ యని లోపల చెప్పియున్నచో, జపానుపలకపై ఎట్ గుర్తుగల మీట నొక్కినను చదరపు కుండలి పడును. పై ముద్ర నొకటియు, లోపలి యేర్పాటు నొకటియు నైనచో మీటలు మొండికెత్తినట్లు తోఁచును. దోషము మీటది గాదు, ఏర్పాటుది. విదేశములనుండి పిల్లలు తెచ్చిన యంత్రములతోఁ దికమకపడు తల్లులు దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

ఱకారమును, అరసున్నయు సాధ్యమైనవి. అటుపిమ్మట లెక్కలో నొక వింతగుర్తు వచ్చెను. ప్రతిపంక్తిలోను అంకెకు ముందు అదే గుర్తు. మనుమరాలు తెల్లఁబోయినది. జేజి దానిని వ్రేలితోఁ దడవి, “అది తూము, అమ్మీ. ధాన్యపు తూము. నీ పెట్టెలో మన తూము లేదా?” యని యడిగెను.

కాలువకట్టకుఁ గట్టు నీటితూము కాదిది. ధాన్యము గొలుచు తూము. నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. సీమసీమకుఁ గొలతపాత్ర చిన్నపెద్దలైనను వరుస యిదియే. ఆ గుర్తును వదలి వట్టి అంకె వ్రాసినచో, చదువువాఁడు తూములనుకొనవలెనా, పుట్లనుకొనవలెనా? ఇరువదిరెట్ల భేదము. ఏ కూఁతురికెంత యిచ్చిరను మాట నిలుచునది ఆ చిన్నగుర్తుమీఁదనే. ఫొటో తీసి యుంచుకొనరాదా యని మాలో నొకరనిరి. ఫొటోలో రూపము నిలుచును గాని, చదువుట యెవరికిఁ దెలియును? జేజి తరువాత నది బొమ్మయే.

మన తూము కంప్యూటరులో నున్నది. ప్రపంచభాషల లిపులన్నిటికిని ఒక్కొక్క యక్షరమునకు నొక్కొక్క సంఖ్య నిచ్చు యూనికోడు అను నేర్పాటున, 2008లో తూముగుర్తునకుఁ జోటు దొరకినది. ఆ యేఁటనే పాతలెక్కలలోని భిన్నాంకములకును జోటు దొరకెను. మన పెద్దలు ఒకటిని నాలుగుగాఁ జేసి, ఆ పాతికను మరల నాలుగుగాఁ జేసి లెక్క వేయువారు. కాలు, అర, ముక్కాలు అనువానికి నిలువుగీఁతలు. వీసము మొదలగు పదాఱవపాళ్లకు అడ్డగీఁతలు. నిలువు పెద్ద, అడ్డము చిన్న. ఇంతసులువైన భిన్నపద్ధతిని మనము మఱచితిమి గాని యంత్రము మఱవలేదు.

చోటున్నను తూమునకు మీట లేదు. వ్రాఁతకు వాడు వర్డు అను పరికరములో సున్న, సి, ఏడు, ఎఫ్ అని కొట్టి, ఆల్ట్ మీటతో ఎక్స్ మీటను నొక్కినచో ఆ నాలుగక్షరములు మాసి ౿ అను గుర్తు వచ్చును. ఆ పిల్ల యట్లే చేసెను. జేజి కండ్లజోడు సవరించుకొని, “ఇదే, ఇదే” యనెను. అయితే పుటకు ముప్పదితూములున్న పుస్తకమున నింతపని ముప్పదిమాఱులు చేయుట యెట్లు? అప్పుడా పిల్లకు జపానువారి పద్ధతియే తోఁచెను. వారి యంత్రములోని నిఘంటువున మనకుఁ గావలసిన మాటను మనమే చేర్పవచ్చును: ఈ ధ్వనికి ఈ గుర్తు, అని. జపానుభాషలో ‘తూ’ యను ధ్వని సహజముగా లేదు, ‘త్సూ’ యందురు. కాఁబట్టి ‘త్సూము’ అను ధ్వనికిఁ దూముగుర్తును జేర్చినది. అటుపిమ్మట పేరు కొట్టి మాఱుపుమీట నొక్కినంతనే దువ్వూరి ధాన్యపుతూము జపానుమీటలనుండి వచ్చి నిలుచుచుండెను. ఆ సాయంకాలమునకు రెండుపుటలు పూర్తియైనవి. జేజి ప్రతిపంక్తిని మరలఁ జదివించుకొని, తన యాఁడుబిడ్డకిచ్చిన మడి లెక్క వచ్చినప్పుడు మాత్రము రెండుమాఱులు చదివించుకొనెను.

మఱునాఁడు మేము ప్రొద్దుటూరిమీఁదుగాఁ గలమళ్లకుఁ బోయితిమి. ప్రొద్దుటూరు బంగారపు టంగళ్లకుఁ బేరువడ్డ పట్టణము. మా కాలస్యమైన కారణమును జదువరులూహించుకొనఁగలరు. అచ్చటఁ బెన్నను దాఁటి యెఱ్ఱగుంట్లకుఁ బోవుదుము. దారిపొడవున నాపఱాళ్ల పనివారు. ఎఱ్ఱగుంట్ల మండలములోనిదే కలమళ్ల. రాయలసీమకు విద్యుత్తునిచ్చు పెద్దకర్మాగారము పొగగొట్టములు దూరమునుండియే కానవచ్చును. ఆ యూరి చెన్నకేశవస్వామి యాలయప్రాంగణమున దొరకిన శాసనమునే, తెలుఁగుమాటలలో వ్రాసిన శాసనములలో మొదటిదని పండితులందురు. రేనాటిచోడులలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుఁడు వేయించినది, కాలము క్రీ.శ. 575 ప్రాంతము. 1904లో శాసనశాఖవారు దానిని పట్టికకెక్కించిరి. 2008లోఁ దెలుఁగునకుఁ బ్రాచీనభాషయను గౌరవము వచ్చినప్పుడు, ఈ శాసనము పేరు తఱచుగా వినఁబడెను.

ఆ ప్రాంగణమున గూర్చుండి, వెంటఁ దెచ్చుకొన్న శాసనపాఠమును జదువుకొంటిమి. అందుఁ జిఱుంబూరు అను నూరిపేరున్నది, బండిఱతో నున్నది. నిన్న మధ్యాహ్నము జపానుపలకపై నలగుర్తు వెదకి వ్రాసిన యక్షరమే, పదునాలుగునూఱులయేండ్లనాఁడు ఱాతిపై నులితోఁ జెక్కిన యక్షరమని తెలిసినప్పుడు మాకు మాట రాలేదు. ఆ కాలపు శాసనములలో నింకను రెండక్షరములు కలవు. ఒకటి ఴ. అరవవారి పఴని యను మాటలో నిప్పటికిని వినవచ్చు ధ్వనియే యది. చోఴ యని వ్రాసినదే మనకుఁ జోడ యనియు, చోళ యనియు మాఱినది. రెండవది ౚ; అదియు నట్లే వాడుకనుండి జాఱినది. భాషాభిమానులు కోరఁగా మొదటిదానికి 2014లోను, రెండవదానికి 2015లోను యూనికోడునఁ జోటు దొరకెను. పాత యచ్చుపుస్తకములలోని నకారపొల్లునకు 2021లో దొరకెను. వేయియేండ్లక్రిందట మాటలనుండి తొలఁగిన యక్షరము నేఁడు యంత్రమునఁ బ్రవేశించినది. జపానువారును 1946లో రెండు పాత యక్షరములను బడివ్రాఁతనుండి తొలఁగించిరి గాని, యంత్రమున వానిచోటు వాని కున్నది.

చోటుండుట యొక యెత్తు. పిలుచువారుండుట మఱియొక యెత్తు. మీట లేని యక్షరమును బిలుచుటకుఁ బేరే యాధారము. ఆ పేరులను జెప్పువారెవరు? తలకట్టు, గుడి, గుడిదీర్ఘము, కొమ్ము, వట్రువసుడి యని పిల్లలచేతఁ బలికించునది తల్లులు, జేజులు. అరసున్న, బండిఱ, నకారపొల్లు అను పేరులు కూడ ఆ వరుసలోనివే. బళ్లలోఁ జెప్పకున్నను, ఇండ్లలోఁ జెప్పరాదని యెవ్వరును నిషేధింపలేదు.

కాఁబట్టి మా సోదరీమణులకొక విన్నపము. మీ యింట నటుకమీఁదనో, పెట్టె యడుగుననో పాత చిట్టాపుస్తకములు, దానపత్రములు, పెండ్లి లెక్కలు ఉండకపోవు. వానిలోని గుర్తులను జదువఁగల పెద్దలుండఁగానే ప్రక్కన నొక కాగితముపై నీ గుర్తు పేరిది, దీని యర్థమిది యని వ్రాయించుకొనుఁడు. యంత్రమున కెక్కించుట పిల్లలు చేయుదురు. పేరు చెప్పుట మన పని. తెలుఁగు వ్రాయుటకు ప్రభుత్వమువా రేర్పఱచిన ఇన్‌స్క్రిప్టు పలకను వాడువారు ర మీటనే పైమీటతోఁ గలిపి నొక్కినచో ఱ వచ్చును. నిండుసున్న మీటను పైమీటతో నొక్కినచో అరసున్న వచ్చును. ఇంతకంటె నేర్వవలసిన విద్య యేమియు లేదు.

దువ్వూరికిఁ బోఁదలఁచువారు పసుపుకాలములోఁ బోవలెను. మైదుకూరినుండి బస్సులు తఱచుగా నున్నవి. కలమళ్లకుఁ బోవువారు ప్రొద్దుటూరినుండి యెఱ్ఱగుంట్ల చేరి యటనుండి పోవలెను. ఎఱ్ఱగుంట్లకు రైలుకూడఁ గలదు. ప్రొద్దుటూరిలో నొకపూఁట ఎక్కువగా నుండునట్లు ముందే యేర్పాటు చేసికొనుట మేలు.